బల్బు కనపడని దీపం

ఈ వినియోగదారుల ఫోరంలో కొన్నవాళ్ళే ఫిర్యాదు చెయ్యాలంటే ఎలా మేడం? చేసినవాడు చెయ్యకూడదా? నేను కొనలేదు. నేను చేశాను. ఈ రెండు చేతులతో చేసి, పెట్టెలో పెట్టి, అమ్మకానికి పంపాను. ఇది మోసం అని నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

వద్దు, కూర్చోను. కూర్చుంటే సగమే చెప్తాను. బయట బెంచీ మీద ఎవరూ లేరు, చూసే వచ్చాను. కాసేపు వినండి.

కొన్నావిడ రాదు. ముందే చెప్తున్నా. బతిమాలాను, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. రానంది. అందుకే నేనొచ్చాను.

సరే, మొదట్నించీ చెప్తాను. నాది రేకు పని. అతికే పని కాదు. గుండ్రంగా కోసిన అల్యూమినియం రేకుని లేతు మిషను మీద చెక్క అచ్చుకి బిగిస్తాం. అది గిర్రున తిరుగుతుంటే పొడుగాటి కడ్డీ ఒకటి చంకలో ఇరికించుకుని మెల్లగా ఒత్తుకుంటూ పోవాలి. బిళ్ళలా ఉన్న రేకు లొంగి అచ్చు మీద వాలిపోతుంది. గిన్నెలు, గరాటులు, పీపాల మూతలు, ముప్పై ఏళ్ళు అవే చేశాను.

మా అక్క మొగుడిది లైట్ల దుకాణం. పెద్ద రోడ్డు మలుపులో అద్దాల షోరూం. 'ఆధునిక గృహాలకు స్కాండినేవియన్ దీపాలు' అని బోర్డుంటుంది. చూశారా? మీ చెల్లెలు అక్కడే కొందా? ఊ. ఏమనమంటారు మేడం, ఏమీ అనను.

లోపల చెక్క నేల, సున్నం కంటే తెల్లటి గోడలు, కుర్చీల మీద గొర్రెతోళ్ళు. అమ్మేవాళ్ళకి గుసగుసగా మాట్లాడ్డం నేర్పించాడు మా బావ. గట్టిగా మాట్లాడితే దీపం ఆరిపోతుందేమో అన్నట్టు. పైన పటారం, లోన లొటారం. వెనక గదిలోకి వెళ్తే అట్టపెట్టెల మీద ఐరోపాలో ఉత్తరాన చలిదేశాల్లో చేసినట్టు చీటీలు అతికిస్తుంటారు.

మొదట్లో అలా లేదండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆరేళ్ళ కిందట బావ ఒక పాత దీపం పట్టుకొచ్చాడు. ఎవరో పెద్ద డాక్టరు పోయాడట, ఆయన సామాను అమ్ముతుంటే కొన్నాడు. పై నుంచి వేలాడే దీపం. పెద్ద గొడుగు కింద ఒక నడిమి గొడుగు, దాని కింద చిన్న గిన్నె. మూడే మూడు రేకులు. 'ఇలాంటిది చెయ్యగలవా?' అన్నాడు. ఇదేముంది, మూడు మూతలు అనుకున్నాను.

షెడ్డులో తగిలించి వెలిగించాను. మేడం, ఎంత సేపు వెతికినా బల్బు కనపడదు. కుర్చీలో కూర్చుని చూశాను, ముక్కాలిపీట మీద కూర్చుని చూశాను, చివరికి గోడకి చేరగిలబడి చూశాను. వెలుతురు ఉంది, బల్బు లేదు. బల్ల మీద పాలు ఒలికినట్టు వెలుగు. ఒక్క కిరణం తిన్నగా వచ్చి కంట్లో గుచ్చుకోదు. పై రేకు మీద పడి, దాని మీంచి నడిమి రేకు మీదకి జారి, అక్కణ్ణించి కిందకి దిగుతుంది.

చలికాలంలో సూర్యుడు నాలుగు గంటలు కనపడి మొహం చాటేసే దేశాలట, ఆ దీపం పుట్టినవి. అందుకే వెలుతురు విలువ తెలుసు వాళ్ళకి. గదంతా మండించరు. కూర్చున్న చోట ఒకటి, చదువుకునే చోట ఒకటి, చిన్న చిన్న దీపాలు పెట్టుకుంటారు. లోపల పూసే తెల్ల రంగు కూడా నిగనిగలాడకూడదు. మెరుపు చచ్చిన తెలుపు ఉండాలి. రేకుల లెక్కా, రంగు సంగతీ నాకు ఎవరూ చెప్పలేదు. ఆ దీపాన్ని విప్పి, కొలిచి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. ఎనిమిది నెలలు. నూరు రేకులకి పైగా పాడుచేశాను. అచ్చులు నేనే చెక్కాను. ఒకరోజు పాతదీ కొత్తదీ పక్కపక్కన వెలిగించి బావని పిలిచాను. ఏది ఏదో చెప్పలేకపోయాడు.

ఆ రోజు సంతోషం వేసింది. నిజం చెప్తున్నా.

తర్వాత మొదలైంది అసలు కథ. మనం చేసినవే అని చెప్పి అమ్ముదాం అన్నాను. బావ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. కొనేవాడికి దీపం అక్కర్లేదట, చీటీ కావాలట. చీటీలు అచ్చు వేయించాడు. సరే, నాకెందుకు, నా పని నేను బాగా చేస్తున్నాగా అనుకున్నాను. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరితే ఎలా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఇంకో ఏడాదికి పెట్టెల గొడవ వచ్చింది. అట్టపెట్టెలో దీపాలు రెండే పడుతున్నాయి. నడిమి రేకు రెండు వేళ్ళ ఎత్తు తగ్గిస్తే మూడు పడతాయి. లోపలి రంగు రెండు పూతలు, మధ్యలో ఒకరోజు ఆరాలి. నిగనిగలాడే రంగైతే ఒక్క పూత, గంటలో అయిపోతుంది. 'అలా చేస్తే కూర్చున్నవాళ్ళకి బల్బు కనపడుతుంది బావా, కంట్లో కొడుతుంది' అన్నాను.

అప్పుడు ఆయన అన్న మాట అలాగే చెప్తాను.

"కొనేవాళ్ళు కూర్చుని చూడర్రా, నిలబడి చూస్తారు."

నిజమే మేడం. అదే నాకు రోత. బిగించడానికి ఎన్ని ఇళ్ళకి వెళ్ళానో! ఆసుపత్రిలా తెల్లగా ఉన్న ఇళ్ళు. బల్ల మీదకి దిగాల్సిన దీపాన్ని, ఫొటోలో బాగా పడాలని అందనంత ఎత్తులో కట్టమంటారు. దాని కింద ఎవరూ కూర్చోరు. దాని ముందు నిలబడతారు, ఫొటో తీసుకుంటారు, వెళ్ళి లోపల గదిలో ట్యూబులైటు కింద అన్నం తింటారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. వాళ్ళని చూసి ఛీ అనుకున్నాను, బావని చూసి ఛీ అనుకున్నాను. ఛీ అనుకుంటూనే రెండు వేళ్ళు తగ్గించాను.

మంచినీళ్ళా? ఇవ్వండి. 

ఆ ఒక్కావిడ మాత్రం కూర్చుంది మేడం. అక్కడే వచ్చింది చిక్కు.

ఆవిడ ప్రూఫులు దిద్దే మనిషి. పుస్తకాలు అచ్చుకి వెళ్ళే ముందు తప్పులు ఏరతారే, ఆ పని. నలభై ఏళ్ళుగా అదే పని. ప్రెస్సుల్లో ఆవిడకి కామా అమ్మగారని పేరట, ఒక్క కామా కూడా ఆవిడ కన్నుగప్పి పోలేదని. పెళ్ళి చేసుకోలేదు. మూడో అంతస్తులో రెండు గదులు. ఎప్పుడో చిన్న వయసులో ఇళ్ళ గురించి రాసిన పుస్తకం ఒకటి దిద్దిందట, అందులో ఈ దీపాల గురించి చదివింది. కంటిని నొప్పించని దీపం. అప్పట్నించీ మనసులో పెట్టుకుంది, ఎప్పటికైనా అలాంటిది ఒకటి నా బల్ల మీద ఉండాలని. అరవై దాటాక మా బావ షోరూంలో కొనుక్కుంది.

మూడు నెలలకి ఆవిడ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కోపం మాట లేదు. దీపం కంట్లో కొడుతోంది, బహుశా నేనే సరిగ్గా తగిలించలేదేమో, తెలిసిన మనిషిని పంపితే సరిచేసుకుంటాను అని రాసింది. బావ అది షోరూంలో అందరికీ చదివి వినిపించి నవ్వాడు. నన్ను వెళ్ళమన్నాడు.

వెళ్ళాను. తలుపు తీసిన మనిషి ఇంట్లో ఎండ టోపీ పెట్టుకుని ఉంది. కళ్ళ మీదకి అంచు ముందుకి వచ్చే టోపీ ఉంటుందే, అది. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతున్నాయి. టోపీ చూసి నేను నవ్వుతాననుకుందో ఏమో, ఆవిడే ముందు నవ్వేసింది.

దీపం ఎంత శ్రద్ధగా తగిలించిందో తెలుసా? బల్ల మీంచి సరిగ్గా అరవై సెంటీమీటర్లు, పుస్తకంలో చెప్పినట్టు. టేపు పెట్టి కొలిచి, గోడ మీద పెన్సిలు గీత కూడా గీసుకుంది. ఆ దీపం కింద సరిగ్గా ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చున్న మనిషి మేడం. మా వాళ్ళు కొన్ని వందలు అమ్మారు. ఒక్కరు కూర్చున్నారు.

బల్ల నిండా కాగితాల కట్టలు. ఒక పెద్ద నిఘంటువట, ఆరేళ్ళుగా దిద్దుతోంది. 'స' సగంలో ఉంది. అదొక్కటే ఎంతకీ తెమలదు, నాలుగు అక్షరాల పెట్టు అని చెప్పింది. అది దాటితే ఇక ఎంతో లేదు, అయిపోతుంది, ఆ తర్వాత పని మానేస్తానంది. అంతకు ముందే కళ్ళ డాక్టరుకి చూపించుకుందట. శుక్లం చిన్నగా మొదలైంది, ఇంకో రెండు మూడేళ్ళు ఆగొచ్చు అన్నాడట ఆయన. పాపం డాక్టరుది ఏ తప్పూ లేదు. ఆయన ఆగొచ్చనే అన్నాడు.

నేను దీపం కాస్త దించాను, కాస్త ఎత్తాను. చిన్న బల్బు వేశాను. ఎక్కడ పెట్టినా ఆ రెండు వేళ్ళ సందులోంచి బల్బు కోరగా చూస్తూనే ఉంది. లోపలి నిగనిగ ఇంకా రెట్టింపు చేస్తోంది. నాకు తెలియదా? కాసేపు అటూ ఇటూ తిప్పి దిగి వచ్చేశాను, తేలు కుట్టిన దొంగలాగా.

పదకొండు రోజులు మిషను మీద చెయ్యి ఆడలేదు. పన్నెండో రోజు పాత అచ్చులు బయటికి తీశాను. అచ్చం ఆ పోయిన డాక్టరుగారి దీపం ఎలా ఉందో అలా, పూర్తి ఎత్తుతో, రెండు పూతలతో, రోజంతా ఆరబెట్టి ఒకటి చేశాను. దుప్పట్లో చుట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ చెప్పింది, పొద్దున్నే కంటి ఆపరేషనుకి వెళ్ళిందని. నిఘంటువు కాగితాలన్నీ వెనక్కి పంపేసిందని కూడా చెప్పింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆ మెట్ల మీద దీపం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

పది రోజులు పోయాక మళ్ళీ వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. అప్పుడు చెప్పేశాను. మీ దీపం ఏ దేశం నుంచీ రాలేదమ్మా, ఊరి చివర షెడ్డులో నేనే చేశాను, పెట్టెలో పట్టాలని రెండు వేళ్ళు తగ్గించాను, అందుకే కంట్లో కొట్టింది, మీ తప్పేం లేదు అని. తిడుతుందని తయారుగా నిలబడ్డాను. కొట్టినా పడదామనుకున్నాను.

ఆవిడ నెమ్మదిగా ఒక్క మాటంది.

"అయితే నా కళ్ళు బాగానే ఉండేవన్నమాట."

కోపంగా కాదు మేడం. పోయిన మనిషి గురించి ఎవరో మంచిమాట చెప్తే వింటారు చూడండి, అలాగ అంది.

నేను తెచ్చిన దీపం తగిలించాను. కాదనలేదు. పెన్సిలు గీత దగ్గరే కట్టాను. కింద కూర్చోబెట్టి వెలిగించాను. పక్కన వంగి చూస్తే నాకు తెలుస్తోంది, బల్బు ఆనవాలు కూడా లేదు, బల్ల మీద మెత్తటి వెలుతురు. ఇదమ్మా అసలు దీపం అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి చూసింది. అటు జరిగి చూసింది, ఇటు జరిగి చూసింది. ఆపరేషను తర్వాత ఏ వెలుగు చూసినా చుట్టూ చక్రాలు కనపడుతున్నాయట. వీధి దీపానికీ చక్రమే, కిటికీకీ చక్రమే. కొందరికి అలా ఉంటుంది, తగ్గుతుంది అన్నారట. ఇప్పటికి నాలుగు నెలలైంది, తగ్గలేదు.

"నాకిప్పుడు రెండూ ఒకలాగే ఉన్నాయి బాబూ" అంది.

ఎదురింటి బోర్డు చదువుతుంది, దూరం బాగానే కనపడుతోంది. దగ్గర కాగితం పెడితే అరగంట. ఆ తర్వాత అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయట. నిఘంటువు ఇంకెవరో పూర్తి చేశారు. అచ్చయి వచ్చింది కూడా. ఆవిడకి ఒకటి పంపారు. తెరవలేదు, కాగితం చుట్టినది చుట్టినట్టే ఉంది బీరువా మీద.

బావ దగ్గరికి వెళ్ళాను. ఇక ఆపుదాం, ఉన్నవన్నీ వెనక్కి తెప్పిద్దాం అన్నాను. ఆయన లెక్కే చెయ్యలేదు. కన్ను కోసింది మనమా అన్నాడు. ఇదే మాట ఇంకొకడు అంటే ఏం చేసేవాణ్ణో. అక్క వంక చూశాను. నన్ను ఎత్తుకు పెంచిన అక్క. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నా సంసారంలో నిప్పులు పొయ్యకురా అని ఒక్కటే మాటంది. మర్నాడు షెడ్డుకి కొత్త తాళం పడింది. షెడ్డు బావదే లెండి. నా అచ్చులు లోపలే ఉండిపోయాయి. నా జాగాలో ఇంకొకణ్ణి పెట్టారు. వాడు మూడు వేళ్ళు తగ్గిస్తున్నాడట, పెట్టెకి నాలుగు పడుతున్నాయి.

ఊ? ఏం అడిగారు?

అవును. డాక్టరు ఆగొచ్చనే అన్నాడు. మరి ఆవిడ ఎందుకు ఆగలేదంటారా?

...

మీరు ఇది అడక్కుండా ఉంటే బాగుండుననుకుంటూ వచ్చాను మేడం. అందుకేనేమో కూర్చోలేదు.

నేను వెళ్ళిన ఆ మొదటి రోజు, నిచ్చెన దిగుతుంటే, ఆవిడ టోపీ వెనక్కి తోసుకుని దీపం అంచు మీద వేలు పెట్టి నడిపింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. 'ఎంత ఓపికున్న చెయ్యో చూడు బాబూ, అంచు ఎక్కడా వణకలేదు. ఎక్కడో చలిలో కూర్చుని చేసుంటాడు. ఆ మనిషి పేరు తెలిస్తే బాగుండేది' అంది.

ముప్పై ఏళ్ళు మేడం. కడ్డీ ఒత్తీ ఒత్తీ నా చంక కింద కాయ కాసింది. ఏనాడూ ఎవరూ నా చేతి గురించి ఒక్క మాట అనలేదు. నేనే అని చెప్తే ఏమవుతుంది? ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. దొంగ చెయ్యి అంటుంది. ఇంకొక్క నిమిషం ఆ మాట నాదిగా ఉంటే చాలు అనిపించింది.

అప్పుడే అడిగింది. తప్పు దీపంలోనా, నా కళ్ళలోనా, నువ్వు పని తెలిసినవాడివి, చెప్పు అని.

బావ భయంతో కాదు. అక్క కోసం కాదు. అందరికీ అలాగే చెప్పాను, మీకూ అలాగే చెబుదామనుకున్నాను. కాదు.

"దీపంలో ఏ తప్పూ లేదమ్మా, మీరు కళ్ళే చూపించుకోండి" అన్నాను.

అన్నాను. ఆ సాయంత్రమే ఆవిడ ఆసుపత్రికి కబురు పెట్టింది, మర్నాడు కాగితాలు వెనక్కి పంపింది. మా బావని తలుచుకుంటే అసహ్యం వేస్తుంది నాకు. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ఎక్కువ వేస్తుంది.

ఆ మాట ఆవిడ ఇంతవరకూ ఎత్తలేదు. మర్చిపోయే మనిషి కాదు, కామాలు గుర్తుంచుకునే మనిషి. ఎత్తి నాలుగు దులిపేసినా బాగుండును. వారానికోసారి వెళ్తాను, దీపం దుమ్ము తుడిచి వస్తాను. వచ్చేటప్పుడు టీ తాగి వెళ్ళు బాబూ అంటుంది. నెమ్మదిగా వెళ్ళి తనే కాచి తెస్తుంది.

తాగుతాను మేడం. ఏం చెయ్యను, తాగుతాను.